కన్నుకు కుడి పక్కా, ఎడమ పక్కా: నల్లగొండ నుంచి దివిసీమ దాకా

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటితే, మర్నాడు ఆ వానంతా మన నల్లగొండ మీద పడింది. అది పోయాక మేం కృష్ణ సముద్రంలో కలిసే చోటున్న దివిసీమకు బయల్దేరాం. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరేదాకా రోడ్డుకు ఒక పక్కంతా వడ్లే. సాగర్ ఎడమ కాలువ కింద కోతలు మొదలయ్యే వేళ అది. వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల ముందు కుప్పల మీద పరదాలు బాగానే కప్పారు. కానీ నీళ్లు పైనుంచి కాదు, అడుగు నుంచి వచ్చాయి. కుప్ప చుట్టూ జానెడు కాలువ తీసుకున్నవాళ్ల వడ్లు నిలిచాయి, తీయనివాళ్లవి నానాయి. నానిన కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెడితే వేడి తగులుతుంది. గింజ ముక్కు దగ్గర సూది మొనంత తెల్లటి మొలక. అది కనిపించిందంటే మిల్లు దగ్గర బేరం మారిపోతుంది.

అక్కడ ఆగిన చోటల్లా చెప్పిన మాట ఒకటే. ఎండ లేనప్పుడు క్వింటాలు తడి వడ్లకు కిలో ఉప్పు, 20 కిలోల ఎండు ఊక కలిపి పోగు పెడితే కొన్ని రోజులు వేడెక్కవు, మొలకెత్తవు. ఎండ రాగానే తూర్పార పట్టుకుంటే ఊక పోతుంది. తేమ 17 శాతానికి దిగితే కాంటా వేస్తారు. పరదా మాత్రం వాన తెరిపిచ్చిన ప్రతిసారీ తీయాలి. ‘కప్పి ఉంచితే చాలు’ అనుకున్న కుప్పలే ముందు వాసన వచ్చాయి.

కోదాడ దగ్గర 65వ నంబరు హైవే ఎక్కితే ఆ రోడ్డు పోయిపోయి మచిలీపట్నంలో ముగుస్తుంది. నార్కట్‌పల్లి, సూర్యాపేట మీదుగా పోయే మన రోడ్డే. అయినా తుఫాను అనగానే మనకు గుర్తొచ్చేది ముసురు, అలుగు దుంకే చెరువు, తడిసిన పత్తి. తీరంలో అది మూడు వేర్వేరు దెబ్బలు: గాలి, వాన, ఉప్పెన. ఆ మూడోది మనం ఎన్నడూ చూడనిది. ప్రాణాలు ఎక్కువగా తీసిందీ అదే.

విజయవాడ నుంచి కరకట్ట రోడ్డు పట్టుకుని మోపిదేవి, పులిగడ్డ దాటితే అవనిగడ్డ. అక్కడ 1977 ఉప్పెనలో పోయినవాళ్ల స్మారక స్థూపం ఉంది. సర్కారు లెక్కలోనే చనిపోయినవాళ్లు 10 వేల దాకా. చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, నవంబర్ 19న ఆ తుఫాను కన్ను, అంటే నడిమధ్య భాగం, తీరం దాటింది దివిసీమలో కాదు, సుమారు 60 కిలోమీటర్ల అవతల చీరాల దగ్గర. అయినా 5 మీటర్ల ఎత్తు నీరు లేచింది మాత్రం ఇటువైపు.

కారణం గాలి తిరిగే తీరులో ఉంది. మన ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముళ్లకు ఎదురు తిరుగుతుంది. తుఫాను పోయే దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే, కుడిచేతి వైపు గాలి సముద్రం మీది నుంచి నేల మీదికి కొడుతుంది. తుఫాను కదిలే వేగం కూడా దానికి తోడవుతుంది. ఎడమచేతి వైపు గాలి నేల మీది నుంచి సముద్రంలోకి పోతుంది. అక్కడ చెట్లు కూలతాయి, స్తంభాలు విరుగుతాయి, నీరు మాత్రం వెనక్కి తగ్గుతుంది. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం లేచేది సెంటీమీటరే. 60 మిల్లీబార్లు పడిపోయినా అరవై సెంటీమీటర్లు. మిగతాదంతా గాలి తోసుకొచ్చిన నీరు. కృష్ణ ఏళ్ల తరబడి తెచ్చి పోసిన ఒండ్రు వల్ల ఇక్కడ సముద్రం చాలా దూరం దాకా లోతు లేనిదే. తోసుకొచ్చిన నీటికి కిందినుంచి వెనక్కి మళ్లే వీలు లేక పైకి లేస్తుంది. అదే వేళకు పోటు కూడా కలిస్తే మరీ ఘోరం.

మొంథా నరసాపురం దగ్గర దాటింది కనుక దివిసీమ ఎడమ పక్కన పడింది. ఈసారి వరి పడిపోయింది, అరటి విరిగింది, కరెంటు పోయింది. ఉప్పెన రాలేదు. దాంతో ‘ఇప్పటి తుఫానులు ఇంతేనండి’ అనే కుర్రాళ్లు నాగాయలంకలో తగిలారు. వాళ్ల పక్కనే కూర్చున్న పెద్దాయన ఏమీ అనలేదు. కన్ను ఒక వంద కిలోమీటర్లు దక్షిణంగా వచ్చి ఉంటే ఆ మాట అనడానికి అవకాశం ఉండేది కాదేమో.

హంసలదీవి వైపు పోతుంటే తుఫాను షెల్టర్లు కనిపిస్తాయి. కింద స్తంభాలు, ఖాళీ జాగా, పైన హాలు, ఆపైన చదును కప్పు. ఆ ఖాళీ జాగాను గోడలు కట్టి మూయకూడదు. నీరు స్తంభాల మధ్య నుంచి పారిపోవాలి. గోడ ఉంటే నీటి తోపు మొత్తం భవనం మీద పడుతుంది. గడ్డివాములు, పాత వలలు, బైకులు పెట్టినా ప్రమాదమే, నీటితో కొట్టుకొచ్చి స్తంభాలకు తగులుతాయి. మేం లోపలికి పోయి చూసింది ఒకటే. మెట్ల పక్క సిమెంటు పెచ్చులూడి ఇనుప చువ్వలు తుప్పు పట్టి తేలాయి. ఉప్పుగాలిలో చువ్వ మీద సిమెంటు పూత మందంగా లేకపోతే తుప్పు ఉబ్బి పెచ్చును తోసేస్తుంది. తాళం ఎవరి దగ్గర ఉందో ముందే ఊరందరికీ తెలిసి ఉండాలి. ఆడవాళ్లకు మరుగుదొడ్డి, తాగడానికి నీళ్లు లేకపోతే ఎన్ని హెచ్చరికలొచ్చినా సగం మంది ఇల్లు కదలరు. గొడ్లను వదిలి రాలేనివాళ్లు మిగతా సగంలో ఉంటారు. గొడ్లకు చెయ్యాల్సింది చిన్న పనే, పలుపు విప్పేయడం. కట్టేసిన గొడ్డు ఈదలేదు.

ఉప్పెన వచ్చిపోయిన నేలకు అసలు జబ్బు ఆ తర్వాత మొదలవుతుంది. ఉప్పునీరు తీసిన మడిని ఎండనిస్తే లోపలి ఉప్పు తేమతో పాటు పైకి ఎక్కి తెల్లగా పేరుకుంటుంది. మన చౌడు నేలల్లో చూసేదే అది. అందుకే మడి ఆరకముందే గట్లు సరిచేసి, కాలువ నీరు అర అడుగు నిలబెట్టి, రెండుమూడు రోజులాగి మురుగు కాలువలోకి తీసేయాలి. మళ్లీ పెట్టాలి, మళ్లీ తీయాలి. మట్టి పరీక్షలో లవణ సూచిక (ఈసీ, డెసీసీమెన్స్/మీటరు లెక్కన) 4 లోపుకు దిగేదాకా ఇదే పని. వరికి 3 దాటినప్పటి నుంచే దిగుబడి తగ్గుతుంది. సోడియం పట్టిన బంకనేల నీటిని దిగనీయదు, అక్కడ జిప్సం వేస్తే తప్ప కడిగినా ఫలితం ఉండదు. ఆపైన పచ్చిరొట్ట పైరు జీలుగ చల్లి, పెరిగాక కలియదున్నితే నేల గుల్లబారుతుంది. ఇంత చేసినా, మురుగు కాలువ సముద్రంలో కలిసే చోట తలుపు సరిగా పడకపోతే పోటు వచ్చిన ప్రతిసారీ ఉప్పునీరు ఎదురెక్కి చేసిన పనంతా నాశనం చేస్తుంది.

తాగునీటి సంగతి మరీ సున్నితం. తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద పలుచటి పొరగా తేలుతూ ఉంటుంది. పాడైన బావిని మోటారు పెట్టి ఒక్కసారిగా తోడేస్తే కిందినుంచి ఉప్పు పైకి లేస్తుంది, ఆపై ఆ బావి ఎన్నాళ్లకు తేరుకుంటుందో చెప్పలేం. కొద్దికొద్దిగా తోడాలి. వెయ్యి లీటర్లకు 5 గ్రాముల బ్లీచింగ్ కలిపి గంట ఆగాలి. అది క్రిములకే గాని ఉప్పుకు కాదు. ఫ్లోరైడ్‌తో బతికిన జిల్లావాళ్లం కనుక ఒకటి తోచింది. మన నీళ్లు నోటికి బాగుండి ఎముకలను పాడుచేశాయి, వీళ్లవి కనీసం నాలుక మీదే చెప్పేస్తాయి.

పడిపోయిన వరి దగ్గర ఆగాం. మన దగ్గర కోతకు వచ్చిన పంట పడింది, ఇక్కడ పాలుపోసుకునే దశలో పడింది. కనుక వైద్యం కూడా వేరు. ముందు నీరు తీసేసి, నాలుగైదు దుబ్బులు కలిపి ముడివేసి నిలబెడుతున్నారు కూలీలు. పూత మీద వాన కొట్టిన మడిలో పుప్పొడి కడుక్కుపోతుంది, ఆ గింజ తాలే. ముడి వేసినా నిండదు. గింజ గట్టిపడ్డాక పడిన పంట నీళ్లలో ఉండి వెంటనే కోయలేకపోతే, లీటరుకు 50 గ్రాముల ఉప్పు, అంటే ఎకరానికి 200 లీటర్లలో 10 కిలోలు, వెన్నులు తడిసేలా కొడితే మొలక ఆగుతుంది. ఉప్పుకు భయపడే సీమలోనే ఉప్పు పిచికారీ చేయాల్సి రావడం చిత్రమే.

రొయ్యల చెరువుల్లో నష్టం తెచ్చింది గాలి కాదు, కరెంటు. నీటికి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే తెల్లవారుజామున ప్రాణవాయువు అడుగంటుతుంది. పైగా వాననీరు తేలికై పైపొరగా నిలిచి కింది నీటికి గాలి అందనివ్వదు. తూము పైపలకలు తీసి ఆ పొరను బయటికి పంపినవాళ్లూ, జనరేటరుకు డీజిల్ ముందే తెచ్చుకున్నవాళ్లూ బయటపడ్డారు.

మచిలీపట్నం గిలకలదిండిలో పడవలు ఏటి లోపలికి లాగి, మధ్యలో పాత టైర్లు వేలాడదీసి, ఇంజన్లు విప్పి ఇళ్లకు చేర్చారు. తాళ్లు బిగించి కట్టకూడదు. నీరు లేస్తే పడవ కూడా లేవాలి, లేకపోతే మునుగుతుంది. తుఫాను పోయాక వాళ్ల బాధంతా మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, గురించే. ఇసుక మేటవేస్తే పోటు కోసం గంటలు కాచుకోవాలి, ఆలోపు మంచు కరిగి చేప ధర పడిపోతుంది.

తిరుగుదారిలో మాటలన్నీ పరిహారం మీదే. విపత్తు నిధి లెక్కలో 33 శాతం, ఆపైన పంట పోతేనే పరిహారం. 2022-26 నిబంధనల్లో నీటి వసతి ఉన్న పొలానికి హెక్టారుకు 17,000 రూపాయలు, వర్షాధారానికి 8,500, అదీ 2 హెక్టార్ల దాకా. సర్వే వాళ్లు వచ్చేదాకా కోయకుండా ఉంటే గింజ మొలకెత్తుతుంది, కోస్తే నష్టం కనిపించదు. అటు దివిలోనైనా ఇటు దేవరకొండలోనైనా ఇదే తంటా. కోసే ముందు మడి నాలుగు మూలల నుంచి తేదీ, స్థలం పడేలా ఫోన్లో ఫొటోలు తీసి, ఒక మూల పది గజాల పంట కోయకుండా వదిలేయడం నయం. కౌలుదారైతే పంట నమోదులో తన పేరుందో లేదో వానకు ముందే చూసుకోవాలి. పట్టాదారు పేరుంటే డబ్బు ఆయన ఖాతాలోనే పడుతుంది.