ప్లేట్‌లెట్ల అంకె కంటే ముందు

వానాకాలంలో మా నల్లగొండ దిక్కు ఎవరికి జ్వరమొచ్చినా చుట్టాలు ఫోన్ చేసి మొదట అడిగేది ప్లేట్‌లెట్స్ (రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే కణాలు) ఎన్నున్నాయనే. లక్షన్నర దాటితే సరే, తగ్గితే మాత్రం బొప్పాయాకు రసం దగ్గర్నుంచి హైదరాబాద్ తీసుకపోవాలా అనేదాకా చర్చ నడుస్తుంది. మెషిన్ ఇచ్చిన అంకెకు తిరుగులేదని నమ్మకం. మెషిన్‌దేముంది, ట్యూబులో ఉన్నదాన్ని లెక్కపెడుతుంది. ఆ ట్యూబులోకి రక్తం ఎట్లా వచ్చిందన్నది సిస్టర్ చేతిలో పని, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

మొన్న అత్తమ్మకు నీరసం పోవట్లేదని డాక్టర్ సీబీపీ (రక్తకణాల లెక్క), షుగర్, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) రాశారు. సిస్టర్ సూది ముట్టకముందే "పేరేంది పెద్దమ్మా?" అని అడిగింది.

"చీటీల రాసుంది గదా బిడ్డా."

"నీ నోటితో చెప్పాలె."

అత్తమ్మ విసుక్కుంది గానీ నాకు నచ్చింది, శాంపిళ్లు తారుమారు కాకుండా మొదట ఆపేది ఆ ప్రశ్నే. తర్వాత చేతికి పట్టీ కట్టి వేలితో తడిమి చూస్తే నరం దొరకలేదు. పరగడుపంటే నీళ్లు కూడా ముట్టొద్దనుకొని ఈమె రాత్రి నుంచి చుక్క తాగలేదు! షుగర్‌కు 8 గంటలు తిండి, చాయ్ మానేస్తే చాలు, మంచినీళ్లు తాగొచ్చు. సిస్టర్ వెంటనే పట్టీ విప్పేసి, నీళ్లు తాగించి, కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూసింది. పట్టీ నిమిషం దాటి బిగించి ఉంచితే అక్కడి రక్తం చిక్కబడి అంకెలు మారతాయట, పిడికిలి ఊరికే ముడుస్తూ తెరుస్తూ ఉంటే పొటాషియం ఎక్కువ చూపిస్తుందట.

ముందు క్రియాటినిన్‌కు ఎర్రమూత ట్యూబు, తర్వాత సీబీపీకి ఊదాది, చివరకు షుగర్‌కు బూడిదరంగుది. ఈ వరుస ఊరికే పెట్టింది కాదు. ఊదా ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ ఉంటుంది, అది పొటాషియం ఉప్పు, ఎర్రదాంట్లో కలిస్తే అక్కడ పొటాషియం లెక్క చెడుతుంది. బూడిదరంగు దాంట్లో ఫ్లోరైడ్ (మన జిల్లాలో ఈ మాట వింటేనే భయం గానీ ఇక్కడ అదే కావాలి), లేకపోతే రక్తకణాలు ట్యూబులో ఉండి కూడా చక్కెర తింటూనే ఉంటాయి. దేవరకొండ దిక్కు పల్లెల్లో అది లేకుండా తీసిన శాంపిల్ జిల్లా ల్యాబుకు చేరేలోపు షుగర్ తగ్గిపోయినట్టు కనిపిస్తుంది.

ఊదా ట్యూబును మూత పెట్టగానే మెల్లగా ఎనిమిది, పదిసార్లు తలకిందులు చెయ్యాలి, గిలక్కొట్టకూడదు. పోయినేడు మా మరిదికి ఒక ల్యాబులో రక్తం తీసినాయన ట్యూబును అట్లాగే స్టాండులో పడేసి ఫోన్ ఎత్తాడు. రిపోర్టులో ప్లేట్‌లెట్స్ డెబ్భై వేలు. ఇంటిల్లిపాది టెన్షన్. డాక్టర్ మాత్రం, మనిషి బాగానే ఉన్నాడు కదా అని మళ్లీ తీయించి, స్లైడ్ మీద పెట్టి మైక్రోస్కోపులో కూడా చూడమన్నారు: రెండు లక్షల పైనే. చిన్నచిన్న గడ్డల్లో చిక్కుకున్నవాటిని మెషిన్ లెక్కపెట్టలేదు. కొందరికైతే ఎంత బాగా కలిపినా ఈడీటీఏ వల్లే అవి ముద్దలవుతాయి, అది జబ్బు కాదు, వేరే ట్యూబులో తీస్తే తేలిపోతుంది. అట్లని తగ్గిన ప్రతి అంకె తప్పని అనుకోవద్దు, డెంగీలో నిజంగానే పడిపోతాయి. మనిషికీ రిపోర్టుకూ పొంతన లేనప్పుడు మళ్లీ తీయమని అడగడానికి మాత్రం మొహమాటం వద్దు.

సూది తీశాక చెయ్యి మడవకుండా, చాపి, దూదితో నొక్కి పట్టుకోవాలి, మడిస్తే కమిలి నల్లగైతది. సిస్టర్ రెండుసార్లు చెప్పినా అత్తమ్మ మడిచింది, కమిలింది.

హిమోగ్లోబిన్ 10.4 వచ్చింది, ఆడవాళ్లకు 12 అయినా ఉండాలి. ఐరన్ గోళీలు రాశారు, చాయ్‌తో వేసుకుంటే ఒంటికి పట్టవన్నారు. ఇప్పుడు గోళీకీ చాయ్‌కీ మధ్య ఎడం కోసం ఇంట్లో రోజూ కొట్లాటే.