పాలకూర అంటే గిట్టని పొపాయ్

మా ఇంట్లో పాలకూర పప్పు వండిన రోజున అమ్మ నోట తప్పనిసరిగా వచ్చే మాట ఒకటుండేది: "తిను నాన్నా, పొపాయ్ లాగా బలమొస్తుంది." సాయంత్రం బడి నుంచి రాగానే కార్టూన్ నెట్‌వర్క్ ముందు కూర్చునే తరం మాది. డబ్బా నలిపి, పాలకూరను నోట్లోకి ఎగరేసి, ముంజేతులు ఉబ్బించి బ్లూటోను ఆకాశంలోకి గుద్దే ఆ నావికుణ్ణి చూసే మేము ఆకుకూర ముద్దలు మింగాము. అందుకే ఈ వేసవి సెలవుల్లో మా ఎనిమిదేళ్ళ పాపతో కలిసి రాబర్ట్ ఆల్ట్‌మన్ తీసిన 'పొపాయ్' సినిమాను మళ్ళీ చూసినప్పుడు, గంట గడిచినా పాలకూర ఊసే లేకపోయేసరికి పాప నా వైపు తిరిగి, "నాన్నా, ఈయన ఎప్పుడు తింటాడు?" అని అడగడం నాకు వింతగా అనిపించలేదు. కాలేజీ రోజుల్లో మొదటిసారి చూసినప్పుడు నేనూ దాని కోసమే ఎదురుచూశాను. ఈ సినిమాలో పొపాయ్‌కి పాలకూర అంటే అసలు గిట్టదని తెలిసినప్పుడు నాకు కోపం కూడా వచ్చింది. ఆ కోపం తప్పని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఈ సినిమాను విఫల ప్రయత్నంగా తీసిపారేసే మాటలు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటాయి కనుక, నేను ఎందుకు దాన్ని ఇంతగా ప్రేమిస్తున్నానో కొంచెం వివరంగా రాయాలనిపించింది.

పొపాయ్ పుట్టింది తెర మీద కాదు, వార్తాపత్రికలో. ఇ. సి. సీగర్ అనే చిత్రకారుడు 1919 నుంచి 'థింబుల్ థియేటర్' పేరుతో ఒక బొమ్మల కథను నడిపేవారు. అందులో ఆలివ్ ఆయిల్, ఆమె అన్న కాస్టర్ ఆయిల్, ఆమెను పెళ్ళాడవలసిన హ్యామ్ గ్రేవీ ముఖ్యులు. ఆ కథ పదేళ్ళు నడిచిన తరువాత, 1929 జనవరి 17న, ఓడ నడపడానికి మనిషి కావలసి వచ్చి రేవులో నిలబడ్డ ఒక ఒంటికన్ను నావికుణ్ణి పలకరిస్తారు. అలా దారిన పోయేవాడిగా వచ్చినవాడు కథనంతా తన సొంతం చేసుకున్నాడు. 1933లో ఫ్లైషర్ సోదరుల స్టూడియో అతన్ని యానిమేషన్‌లోకి తెచ్చింది. మనం టీవీలో చూసిన పొపాయ్, ప్రతి కథ చివరా పాలకూర తినే పొపాయ్, ఆ యానిమేషన్ వాడు. సీగర్ పొపాయ్ వేరు. అతను ఊళ్ళో మనుషుల మధ్య తిరుగుతాడు, అన్యాయం చూస్తే ఊరుకోడు, ఎక్కువగా మాట్లాడతాడు, ఆ మాటలన్నీ వంకరగా పలుకుతాడు.

ఈ తేడాను ముందుగా పట్టుకున్నవారు సినిమాకు స్క్రీన్‌ప్లే రాసిన జూల్స్ ఫైఫర్. ఆయన స్వయంగా కార్టూనిస్టు. గీత గీసే చెయ్యి సినిమా వైపు వస్తే ఏం జరుగుతుందో మన తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. బాపుగారు షూటింగుకు ముందే ప్రతి ఫ్రేమునూ బొమ్మగా వేసుకునేవారని మనకు తెలిసిందే. ఫైఫర్ కథ కోసం యానిమేషన్‌ను పక్కనపెట్టి సీగర్ పత్రికా బొమ్మల దగ్గరికి వెళ్ళారు. సినిమా మొదటి క్షణాల్లోనే ఆ సంగతి ప్రేక్షకులకు తెలిసిపోతుంది. తెర మీద ముందుగా పాత నలుపు తెలుపు కార్టూన్ మొదలవుతుంది. అందులోంచి పొపాయ్ బయటికి వచ్చి, తాను వేరే సినిమాలోకి వచ్చి పడ్డానంటాడు. ఆ గొంతు దశాబ్దాల పాటు కార్టూన్లలో పొపాయ్‌కి గొంతునిచ్చిన జాక్ మెర్సర్‌ది. ఆ వెంటనే తుఫాను సముద్రం, ఒక చిన్న పడవ, పొపాయ్‌ వేషంలో తెడ్లు వేస్తున్న నటుడు రాబిన్ విలియమ్స్.

బొమ్మకు బరువు ఉండదు. కొండ మీద నుంచి పడినా, పియానో నెత్తిన పడినా మరుక్షణం లేచి నడుస్తుంది. కార్టూన్‌ను మనుషులతో తీయాలనుకున్న ప్రతి దర్శకుడికీ ఎదురయ్యే చిక్కు ఇదే. నటుడికి ఎముకలుంటాయి, చొక్కా తడుస్తుంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. చాలామంది ఈ బరువును దాచడానికి తంటాలు పడతారు. వేగం పెంచుతారు, శబ్దాలు పెంచుతారు, ఈ మధ్య కంప్యూటర్ బొమ్మలను తెచ్చి మనుషుల పక్కన నిలబెడతారు. ఆల్ట్‌మన్ ఆ బరువునే నమ్ముకున్నారు. బొమ్మలో ఉన్న ఊరిని నిజంగా కడితే, అందులో నిజంగా జనం కాపురం ఉంటే, ఆ జనం బొమ్మల్లాగే పెద్ద బూట్లు వేసుకుని, బొమ్మల్లాగే తడబడుతూ నడిస్తే ఎలా ఉంటుందో చూద్దామనుకున్నారు. నా దృష్టిలో ఈ సినిమా గొప్పతనమంతా ఆ ఒక్క నిర్ణయంలో ఉంది.

ఆ ఊరి పేరు స్వీట్‌హేవెన్. మధ్యధరా సముద్రంలోని మాల్టా ద్వీపంలో, మెల్లీహా దగ్గర ఉన్న యాంకర్ బే అనే చిన్న అఖాతం ఒడ్డున దాన్ని కట్టారు. కళా దర్శకుడు వోల్ఫ్ క్రోగర్. మాల్టాలో కలప దొరకదు కనుక నెదర్లాండ్స్ నుంచి దుంగలను, కెనడా నుంచి పైకప్పుల చెక్క పెంకులను ఓడల్లో తెప్పించారు. 1979లో నూట అరవైకి పైగా పనివాళ్ళు దాదాపు ఏడు నెలలు శ్రమించి పందొమ్మిది కట్టడాలను లేపారు. షూటింగ్ సమయంలో అలలు సెట్టును కొట్టుకుపోకుండా అఖాతం నోటికి అడ్డంగా ఒక కట్ట కూడా వేశారు. ఇంత చేసి వాళ్ళు కట్టింది కూలిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు కనిపించే ఊరు! ఒక్క గోడ నిటారుగా ఉండదు. మెట్లు ఒక పక్కకు ఒరిగి ఉంటాయి, గొట్టాలు వంగి ఉంటాయి, ఇళ్ళు కొండను పట్టుకుని వేలాడుతున్నట్టు ఉంటాయి. ఫెల్లీనీ, విస్కాంతీ సినిమాలకు కెమెరా పట్టిన జుసెప్పే రొతున్నో దాన్ని మసక వెలుతురులో, తడిసిన చెక్క రంగులో చిత్రించారు. సినిమా అయిపోయిన తరువాత ఆ సెట్టును పీకేయలేదు. ఇన్ని దశాబ్దాలు గడిచినా అది 'పొపాయ్ విలేజ్' పేరుతో అక్కడే నిలబడి ఉంది, యాత్రికులు టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి చూసి వస్తున్నారు. నాలుగు నెలల షూటింగ్ కోసం వేసి తీసేసే సెట్లనే చూసిన మనకు ఇది ఆశ్చర్యం కలిగించే విషయమే.

ఊరు కట్టడంతో పని అయిపోదు, ఊరిని నింపాలి. ఆల్ట్‌మన్ అందుకు సర్కస్ కళాకారులను, విదూషకులను తీసుకువచ్చారు. హ్యామ్ గ్రేవీగా వేసిన బిల్ అర్విన్ అలాంటివారే. ఆయన పాత్రకు మాటలు దాదాపు లేవు. కింద పడిన టోపీని తీసుకోబోయి తన కాలితో తానే దాన్ని తన్నుకుంటూ వీధి పొడవునా వెంబడించే మనిషిని ఫ్రేము వెనక భాగంలో చూసినప్పుడు, ముందు ఏం జరుగుతోందో మరచిపోతాను. ఈ సినిమాను రెండోసారి చూసేవారు కథను వదిలిపెట్టి ఫ్రేము అంచులను చూడాలని నా మనవి. ప్రతి కిటికీలో ఎవరో ఒకరు తమ పని తాము చేసుకుంటూ ఉంటారు.

కొత్తగా వచ్చిన పొపాయ్‌ని ఈ ఊరు ఎలా ఆహ్వానిస్తుందో చెప్పాలి. పడవ దిగీ దిగగానే పన్నుల వసూలుదారు సైకిల్ మీద హాజరవుతాడు. ఊరికి కొత్త కనుక ఒక పన్ను, రేవు కింద పడవ కట్టినందుకు ఒక పన్ను, సామాను రేవులో పెట్టినందుకు ఒక పన్ను, ఇదేమిటని అడిగితే ప్రశ్న అడిగినందుకు ఇంకో పన్ను. పొపాయ్ గొణుగుతూనే చెల్లిస్తాడు. తరువాత ఆలివ్ వాళ్ళ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుంటాడు. గదిలోకి వెళ్ళాక అతను మొదట చేసే పనుల్లో ఒకటి, సంచిలోంచి ఒక పటం తీసి గోడకు తగిలించడం. ఆ పటంలో బొమ్మ లేదు. 'మా నాన్న' అనే అర్థం వచ్చే రెండు ముక్కలు మాత్రం పిల్లవాడి అక్షరాల్లో రాసి ఉంటాయి. పసితనంలోనే తనను వదిలి వెళ్ళిపోయిన తండ్రిని వెతుక్కుంటూ వచ్చిన మనిషి అతను. ముఖం ఎలా ఉంటుందో తెలియని తండ్రికి కట్టుకున్న పటం అది. కార్టూన్‌లో ఇలాంటిది రెండు సెకన్ల హాస్యంగా వచ్చి పోతుంది. ఇక్కడ రాబిన్ విలియమ్స్ దానితో మాట్లాడతారు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు, టీవీలో మంచి పేరు వచ్చినా సినిమాలో మొదటి పెద్ద పాత్ర ఇదే. ముంజేతులకు బరువైన కృత్రిమ కండరాలు, ఎప్పుడూ సగం మూసి ఉంచవలసిన కన్ను, నోట్లో పైపు, ఇన్ని అడ్డంకుల మధ్య కూడా ఆ పటం ముందు నిలబడ్డప్పుడు ఆయన ముఖంలో ఒక అనాథ పిల్లవాడు కనిపిస్తాడు. మా పాప అప్పటిదాకా నవ్వుతున్నదల్లా అక్కడ ఆగి, "ఫొటో పోయిందా, అసలు లేదా?" అని అడిగింది. లేదని చెప్పాను. ఆ తరువాత చాలాసేపు పాలకూర సంగతి ఎత్తలేదు.

షెల్లీ డువాల్ గురించి ఎంత రాసినా తక్కువే. నిర్మాణ సంస్థ ఆలివ్ పాత్రకు వేరే నటిని కోరుకున్నా, డువాల్ తప్ప ఇంకెవరూ వద్దని ఆల్ట్‌మన్ పట్టుబట్టారు. ఆమెను సినిమాల్లోకి తెచ్చింది ఆయనే. ఆ పొడవాటి మెడ, చిన్న ముడి, ఒకదానికొకటి చుట్టుకునే కాళ్ళు, దీర్ఘం తీస్తూ పైకి పాకే గొంతు, అన్నీ సీగర్ గీతల్లోంచి లేచి వచ్చినట్టే ఉంటాయి. కానీ అది పోలికతో ఆగిపోయిన నటన కాదు. బ్లూటోతో నిశ్చితార్థం జరగవలసిన రోజున, అతనిలో నీకు నచ్చిందేమిటని స్నేహితురాళ్ళు అడుగుతారు. పాపం ఆమె ఎంత వెతికినా, ఆయన చాలా పెద్దగా ఉంటాడు అన్న ఒక్క సంగతి తప్ప మరేమీ దొరకదు. దాన్నే పాటగా పాడుతుంది. ఆ తరువాత, పొపాయ్‌కి తన అవసరం ఉందని గ్రహించిన రాత్రి, ఒంటరిగా పాడుకుంటూ ఆ చెక్క వీధుల్లో తిరుగుతుంది. నృత్యం వచ్చినవాళ్ళు చేసే నృత్యం కాదది. సంతోషం పట్టలేక చేతులూ కాళ్ళూ తమంతట తామే కదిలితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పాటలు కట్టింది హ్యారీ నిల్సన్. వాద్య సమ్మేళనం కూర్చిన వాన్ డైక్ పార్క్స్ సినిమాలో పియానో వాయించే మనిషిగా కనిపిస్తారు కూడా. నటులు చాలావరకు తమ గొంతులతోనే, సెట్టు మీదే పాడారు కనుక శ్రుతి అక్కడక్కడా తప్పుతుంది. ఆ తప్పడమే నాకు ప్రాణం. ఊరి భజనలో అందరి గొంతులూ ఒక్కలా ఉండవు కదా.

లోపాలు లేవని నేను అనను. చివరి అరగంటలో కథ ఊరిని వదిలి సముద్రం మీదికి వెళ్ళిన తరువాత పట్టు సడలుతుంది. ఆక్టోపస్‌తో జరిగే పోరాటంలో ఆ జంతువు రబ్బరు అని ఇట్టే తెలిసిపోతుంది. పొపాయ్ గొణుగుడు చాలాచోట్ల అర్థం కాదు. షూటింగ్ తరువాత విలియమ్స్ చాలా సంభాషణలను మళ్ళీ డబ్బింగ్ చెప్పవలసి వచ్చింది, అయినా సబ్‌టైటిల్స్ పెట్టుకోవడమే మేలు.

1980 డిసెంబరులో విడుదలైన ఈ సినిమాకు దాదాపు 2 కోట్ల డాలర్లు ఖర్చయితే, ఒక్క ఉత్తర అమెరికాలోనే 5 కోట్ల డాలర్లకు దగ్గరగా వసూలయింది. నష్టం తెచ్చిన సినిమా కాదు. కానీ పెట్టుకున్న ఆశలు అంతకంటే పెద్దవి కావడంతో దాని మీద అపజయం అనే ముద్ర పడిపోయింది. ఆల్ట్‌మన్ ఆ తరువాత తన సొంత సంస్థను అమ్మేసుకుని, చాలా ఏళ్ళు చిన్న చిన్న చిత్రాలకు, నాటకాలకు పరిమితమయ్యారు. ఆ ముద్ర అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. తొందరగా నవ్వించలేదని పిల్లల సినిమాను శిక్షించడం, మూడో నెలలో కాయలు కాయలేదని మామిడి మొక్కను పీకేయడం వంటిది.

ఇంతకీ పాలకూర సంగతి. తండ్రి దొరుకుతాడు. ఆ ముసలాయన దాచిన నిధి పెట్టెలో బంగారం ఉండదు. కొడుకు పసితనపు వస్తువులు, కొన్ని పాలకూర డబ్బాలు ఉంటాయి. తండ్రి తినమంటాడు, కొడుకు నాకు ఇష్టం లేదంటాడు. ఆ మాట విన్న బ్లూటో, ఇష్టం లేదని తెలిసే, బలవంతంగా పొపాయ్ నోట్లో దాన్ని కుక్కుతాడు. ఆ వెంటనే ఏమవుతుందో మీకు తెలుసు. తండ్రి ఎంత చెప్పినా తిననిది శత్రువు చేతి మీదుగా కడుపులోకి వెళ్ళడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. మా పాప మాత్రం సోఫా మీద లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నీళ్ళ మీద పొపాయ్ వేసే ఆఖరి నాట్యం అయిపోయి పేర్లు పడుతుండగా, వాళ్ళ నాన్న ముందే బాగా వండిపెట్టి ఉంటే తినేవాడు కదా అని తేల్చేసింది. మరునాడు మధ్యాహ్నం మా ఇంట్లో పాలకూర పప్పు చేశాం. వెల్లుల్లి, ఎండుమిరపకాయలతో తాలింపు నేనే వేశాను. తను రెండుసార్లు వడ్డించుకుంది.