కార్తీక దీపం ఎవరి కోసం పెడుతున్నం?

"కీటాః పతంగాః మశకాశ్చ వృక్షాః జలే స్థలే యే నివసంతి జీవాః దృష్ట్వా ప్రదీపం న చ జన్మభాగినః..." కార్తీకంల దీపం ముట్టిచ్చినప్పుడు అందరం చదువుతం, చదివి దండం పెట్టి మన కోరికలు చెప్పుకుంటం. కానీ అక్కడ ముందుగాల ఉన్నది మనం కాదు గదా! పురుగులు, దోమలు, చెట్లు, నీళ్లల్ల ఉండే జీవాలు, అవి దీపాన్ని చూస్తే చాలట, మళ్లీ జన్మ ఉండదట.

నన్ను పట్టుకున్నది "వృక్షాః" అన్న మాట. చెట్టుకు కండ్లెక్కడివి? అది దీపం కాడికి నడిచి రాలేదు, వెలుగే పోయి దాని ఆకు మీద పడాలె. అంటే చీకట్ల ఉన్నోళ్లను ఎతుక్కుంట రమ్మని శ్లోకం అడుగుతలేదు, ముట్టిచ్చినోళ్లనే అటు తీస్కపొమ్మంటున్నది, నాకైతే అట్లనే అర్థమైంది.

మా నాయనమ్మ తులసి కాడ పెట్టినంక ఇంకో దీపంత కొంగు చాటున పట్టుకొని పోయి పెరట్ల బావి గట్టు మీద పెట్టేది. బావిల ఎవరున్నరే అని అడిగితే "కప్పలు లేవా బిడ్డా, వాటికి పండుగ గాదా" అనేది.

ఇప్పుడు పౌర్ణమి నాడు వేయిస్తంభాల గుడి కాడ చూస్తే 365 వత్తుల కట్ట ముట్టిచ్చి, ఫోటో దిగి, అది కొండెక్కకముందే పోయేటోళ్లు కనిపిస్తరు, మనసు కలుక్కుమంటది. చెరువులల్ల థర్మాకోల్ ప్లేట్ల మీద దీపాలు ఇడుస్తరు. నీళ్లల్ల జీవాలకు వెలుగు చూపియ్యమంటే వాటి నోట్లె థర్మాకోల్ పెడుతున్నమా? ఒక్క అరటి దొప్ప దొరకదా మన ఓరుగల్లుల?

1163ల కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన ఆ వేయిస్తంభాల గుడిల శివునికి, విష్ణువుకు, సూర్యునికి మూడు గర్భగుళ్లు. సూర్యుని గర్భగుడిల ఇప్పుడు మూర్తి లేదు, లోకానికి వెలుగిచ్చే దేవుని అర్రనే చీకటిగ ఉంటది. రుద్రేశ్వరుని దర్శనం అయినంక అక్కడ కొంచెంసేపు నిలబడత, ఎందుకో ప్రతిసారి కండ్లల్ల నీళ్లొస్తయి.

ఈసారి ఒక్క దీపమన్న మీ గడప దాటిచ్చి, ఎవరూ పెట్టని కాడ పెట్టుర్రి. పోయినేడు నేను మా అపార్ట్‌మెంట్ల సెల్లార్ మెట్ల కాడ పెట్టిన, అక్కడ బల్బు పోయి చాన్నాళ్లైంది. వాచ్‌మన్ బిడ్డ వచ్చి పక్కన కూసున్నది, నూనె అయిపోయేదాక లేవలే.