16 టన్నుల బొగ్గు వ్యాగన్: చట్రం నుంచి తుప్పు దాకా నా అనుభవం

బ్రిటిష్ రైల్వేస్ 1950లలో లక్షల్లో దింపిన 16 టన్నుల స్టీలు బొగ్గు వ్యాగన్‌ను ఓఓ స్కేలులో, అంటే అడుగుకు 4 మిల్లీమీటర్ల లెక్కన, ప్లాస్టిక్ కిట్ నుంచి మోడల్‌గా కట్టాను. కంటికి నచ్చడం రంగును బట్టి ఉంటుంది. పట్టాల మీద నిలవడం మాత్రం చట్రాన్ని బట్టే. సగం సమయం దానికే పెట్టాను.

అచ్చులో వాడిన నూనె మిగిలితే రంగు పట్టదు కాబట్టి ముక్కలన్నీ గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగాను. ఒక పక్క పలక, ఒక కొస పలక అద్దం మీద నిలబెట్టి, మూలమట్టం ఆనించి, లోపలి వైపు నుంచి సన్న బ్రష్‌తో సాల్వెంట్ (ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే ద్రవం) తాకించాను. అతుకులోకి అదే పాకుతుంది. ఎక్కువైతే బయటి అంచు కరుగుతుంది. అలా రెండు జతలు చేసి, గట్టిపడ్డాక నేలపలక చుట్టూ కలిపాను.

చట్రం పక్కదూలాల మీది ఇరుసుపెట్టెల వెనక గుంటల్ని 2 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో, వేళ్లతోనే తిప్పి, శుభ్రం చేసి ఇత్తడి బేరింగులు దించాను. గుంట లోతు చాలకపోతే 26 మిల్లీమీటర్ల ఇరుసు పట్టక పక్కదూలాలు బయటికి విచ్చుకుంటాయి. ఇరుసు పక్కలకు వెంట్రుకవాసి కదలాలి, అంతకు మించకూడదు. రెండో దూలం అతికించగానే, సాల్వెంట్ ఆరకముందే, చక్రాలతో సహా అద్దం మీద పెట్టి పైన బరువు ఉంచాను. నాలుగు చక్రాలూ ఆనాలి. ఒక్కటి లేచినా పాయింట్ల (పట్టాలు చీలే చోట్ల) దగ్గర పట్టాలు తప్పుతుంది. బ్రేకు చెక్కలు చక్రానికి ఎదురుగా ఉండాలి కానీ తగలకూడదు.

ఇరుసుకు 25 గ్రాముల చొప్పున మొత్తం 50 గ్రాములు తూగేలా చూశాను. ఖాళీ వ్యాగన్ లోపల దాచే చోటు లేదు కాబట్టి సీసం రేకు నేల కిందే ఎపాక్సీతో అంటించాను. తెల్ల జిగురు వాడితే సీసం దానితో చర్య జరిపి, కొన్నాళ్లకు ఉబ్బి, బాడీని పగలగొడుతుంది.

ఇక తుప్పు. బొగ్గు ఒరిపిడికి లోపలి రంగు ముందు పోతుంది. బయట అతుకుల దగ్గర, కింది అంచుల్లో, తలుపు చుట్టూ మొదలవుతుంది. అందుకని లోపల దాదాపు అంతా తుప్పు, బయట మచ్చలు. ప్రైమర్ మీద హంబ్రోల్ కంపెనీ 113 (తుప్పు రంగు), 33 (నలుపు) ఎనామెళ్లు హెచ్చుతగ్గులుగా కలిపి పూశాను. రెండు రోజులు ఆరాక బయట హెయిర్ స్ప్రే, దానిమీద పల్చగా బూడిద ఆక్రిలిక్. వాక్యూమ్ బ్రేకు లేని వ్యాగన్లకు ఆ రంగే. అరగంటకు తడి బ్రష్‌తో రుద్దితే హెయిర్ స్ప్రే కరిగి పైపొర పెచ్చులుగా లేచింది. పైన ఎనామెల్ వేస్తే నీళ్లు లోపలికి దిగవు, పెచ్చు లేవదు.

నంబర్ల డెకాల్స్‌కు (నీళ్లలో తడిపి అంటించే పల్చటి అచ్చు బొమ్మలకు) ముందు నిగనిగలాడే ఆక్రిలిక్ వార్నిష్ తప్పనిసరి. గరుకు తలం మీద గాలి చిక్కి డెకాల్ కింద వెండిపొరలా కనిపిస్తుంది. కొస తలుపు ఎటుందో చూపే, పక్క పలక మీది ఏటవాలు తెల్లగీత పై కొస ఆ తలుపు వైపే ఉండాలి, చాలామంది తిరగేస్తారు. తర్వాత మ్యాట్ వార్నిష్. ఆపైన వైట్ స్పిరిట్‌తో పల్చన చేసిన గోధుమ ఎనామెల్, పైనుంచి కిందికే తుడిచాను, వాన కారే దారి అదే గనుక. చివరగా చట్రానికి బ్రేకు దుమ్ము రంగు పొడి అద్ది, చక్రాల అంచుల్ని వైట్ స్పిరిట్‌తో తుడిచి పట్టాలెక్కించాను.