ఆ పెళ్లి బొమ్మ ముందు
నిన్న డబ్లిన్ నేషనల్ గ్యాలరీకి వెళ్లా, నార్మన్ దొర స్ట్రాంగ్‌బోకి, ఐరిష్ రాజు కూతురు ఈఫాకి జరిగిన పెళ్లి పెయింటింగ్ ముందు అరగంట కదల్లేకపోయా. గోడంత బొమ్మ. మధ్యలో పెళ్లి జరుగుతోంది, కిందంతా శవాలు, ఓ ముసలాయన తీగలు తెగిన హార్ప్ మీద వాలిపోయి ఉన్నాడు. ఈఫా తల దించుకుని ఉంది. ఆ పిల్లని చూస్తుంటే గొంతు పట్టేసింది.

వాళ్ల నాన్న డెర్మట్, ఐర్లాండ్‌లోని లెయిన్‌స్టర్ అనే రాజ్యానికి రాజు. 1152లో పక్క రాజు ఓరూర్క్ భార్యని ఎత్తుకొచ్చాడు, ఆ పగ అలాగే ఉండిపోయింది, 1166లో డెర్మట్‌కి అండగా ఉన్న పెద్ద రాజు మాక్‌లాక్లన్ చనిపోయి, రోరీ ఓకానర్ ఐర్లాండ్ రాజులందరి మీద పెద్ద రాజు అవ్వగానే అందరూ కలిసి ఈయన్ని తరిమేశారు. సముద్రం దాటి సాయం కోసం ఇంగ్లాండ్ రాజు హెన్రీ కాళ్లమీద పడ్డాడు, స్ట్రాంగ్‌బోకి మాత్రం సాయానికి వస్తే కూతుర్నిచ్చి పెళ్లి చేస్తా, నా తర్వాత రాజ్యం నీదే అని మాటిచ్చాడు. 1170లో వాటర్‌ఫర్డ్ అనే ఊరిని పట్టుకున్నారు, ఊళ్లో రక్తం ఆరకముందే పెళ్లి!

నన్ను బాగా కలిచేసింది మాత్రం కొడుకు సంగతి. మాట తప్పనని డెర్మట్ రోరీ దగ్గర కన్న కొడుకు కానర్‌ని తాకట్టు పెట్టాడు, అయినా మాట తప్పి దండెత్తాడు, రోరీ ఆ అబ్బాయిని చంపించేశాడు. పిల్లాడు అక్కడున్నాడని తెలిసి కూడా ఎలా వెళ్లాడండీ ఆ తండ్రి??

1171 మేలో డెర్మట్ పోయాడు, అక్టోబర్‌కల్లా హెన్రీనే సైన్యంతో ఐర్లాండ్‌లో దిగిపోయాడు.

బయటికొచ్చి ట్రామ్ ఎక్కి ఇంట్లో నాన్నకి ఫోన్ చేశా, ఊరికే.