తమ్ముడి తల మీద ఎవరి చెయ్యి

శనివారం. రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి తెరిపిచ్చింది. నైట్ డ్యూటీ దిగి గదికి వెళ్లకుండా అమలాపురం నుంచి అటే అంబాజీపేట బస్సెక్కి పుట్టింటికి వచ్చేశాను. బస్టాండులో వాడపల్లి వెంకన్న గుడికి వెళ్లే జనం కిక్కిరిసి ఉన్నారు. ఏడు శనివారాల మొక్కు పట్టినవాళ్లు వానకి ఆగరు కదా. ఇంటి దగ్గర నాన్నకి ఇవాళ వరి ఊడ్పులు. అమ్మ చీకటితోనే లేచి కూలీలకి వంట మొదలుపెట్టింది. కాసేపు సాయం చేసి, వసారాలో మంచమ్మీద కూర్చుని, తలకి జుట్టు పెట్టించుకోవడం గురించి క్లినిక్‌లతో మాట్లాడి తమ్ముడు పంపిన మెసేజీలన్నీ ముందేసుకున్నాను. నిద్ర ముంచుకొస్తున్నా పడుకోబుద్ధి కాలేదు. ఈ వారంలోపు అడ్వాన్సు కడితే డిస్కౌంటు అన్నారట. వాడు నా మాట కోసం ఆగాడు.

వాడికి 29 ఏళ్లు. కువైట్‌లో ఎలక్ట్రీషియన్ పని. నుదుటికి రెండు వైపులా జుట్టు బాగా వెనక్కి పోయింది, నడినెత్తిన పలచబడుతోంది. వీడియో కాల్‌లో ఎప్పుడూ టోపీ పెట్టుకునే మాట్లాడతాడు. గదిలో ఏసీ కింద కూర్చుని కూడా టోపీ తియ్యడు. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక సంబంధం వాళ్లు చూసి వెళ్లాక మధ్యవర్తితో ఏదో అన్నారు. ఆ మాట వాడి చెవిన పడింది. అప్పట్నుంచీ ఫోటో పంపమంటే పంపడు. అక్కగా నాకు అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అందుకే జుట్టు కోసం లక్షలు పెడతావా అని నేను అనలేదు. వాడి కష్టార్జితం, వాడి ముఖం.

వాడి రూమ్మేటు నిరుడు ఇస్తాంబుల్ వెళ్లి జుట్టు పెట్టించుకొచ్చాడు. బాగా కుదిరింది, ఫోటోలు నేనూ చూశాను. కువైట్ నుంచి దగ్గర, సెప్టెంబరులో ఎలాగూ సెలవు, అటునుంచి అటే ఇంటికి రావచ్చని వీడి లెక్క. మూడు క్లినిక్‌లతో మాట్లాడి, ఆ మాటలన్నీ నాకు పంపి, "అక్కా, నువ్వు ఆపరేషన్ థియేటర్‌లో పనిచేస్తావు కదా, నువ్వే చూసి చెప్పు" అన్నాడు.

మొదటి రెండు క్లినిక్‌ల ధోరణి ఒకటే. మాట్లాడేది డాక్టరు కాదు, కోఆర్డినేటర్. చాలా మర్యాదగా, వెంటవెంటనే జవాబిస్తారు. ఫోన్‌తో తీసిన నాలుగు ఫోటోలు చూసి గంటలోపే 4,500 గ్రాఫ్టులు, అంటే వెంట్రుకల కుదుళ్లు, పెడతామన్నారు. నాలుగు నక్షత్రాల హోటల్, ఎయిర్‌పోర్టు నుంచి కారు, తల కడగడానికి షాంపూ, అన్నీ ప్యాకేజీలోనే. అంత పొడుగు జాబితాలో సర్జన్ పేరు మాత్రం లేదు.

మా థియేటర్‌లో చిన్న హెర్నియా ఆపరేషన్‌కైనా సర్జన్ పేరు లేకుండా లిస్టు వెయ్యరు. కత్తి ఎవరి చేతిలో ఉంటుందో పేషెంటుకి ముందే తెలుస్తుంది. అదే ప్రశ్న తమ్ముడి చేత అడిగించాను. తల వెనక నుంచి వెంట్రుకల కుదుళ్లు తీసేది ఎవరు, ముందు వైపు వాటిని పెట్టడానికి గాట్లు పెట్టేది ఎవరు, ఆ డాక్టరు ఆ రోజు ఇంకెంతమందికి చేస్తారు అని. "డాక్టరు గారు ప్లాన్ గీస్తారు, మాది చాలా అనుభవం ఉన్న టీమ్" అని ఒకరి జవాబు. ఇంకొకరు ప్రశ్న వదిలేసి మళ్లీ హోటల్ ఫోటోలు పంపారు.

టెక్నీషియన్లంటే నాకు చులకన లేదు. తీసిన గ్రాఫ్టుల్ని మైక్రోస్కోపు కింద వేరుచేసి, ఎండిపోకుండా ద్రావణంలో ఉంచి, గంటల తరబడి ఒక్కొక్కటే పెట్టడం ఓపికా నేర్పూ ఉన్న పని. అందులో వాళ్ల చెయ్యి ఉండటం మామూలే. కానీ ఎఫ్‌యూఈ అనే పద్ధతిలో 1 మిల్లీమీటరు కంటే సన్నటి గొట్టంతో చర్మం కోసి కుదురు బయటికి లాగుతారు. అది కొయ్యడమే, అంటే సర్జరీయే. లోపల వెంట్రుక ఏ వాలున ఉందో అంచనా తప్పితే కుదురు తెగిపోతుంది, ఇంక అది మొలవదు. 1993 నుంచి ఉన్న ఐఎస్‌హెచ్‌ఆర్‌ఎస్ అనే అంతర్జాతీయ హెయిర్ సర్జన్ల సంఘం ఏళ్ల తరబడి చెబుతున్నదీ ఇదే. కొయ్యడం, కుదుళ్లు తియ్యడం లైసెన్సు లేనివాళ్లకి అప్పగించకూడదని, ఎవరు చేస్తారో పేషెంటు ముందే అడగాలని. పాడైన ఆపరేషన్లని సరిచేసే పని మీద ఏటా నవంబరు 11న ప్రత్యేకంగా ఒక రోజే పాటిస్తున్నారంటే అలాంటి తలలు ఎన్ని వస్తున్నాయో ఊహించుకోవచ్చు.

నాన్న మజ్జిగ తాగడానికి చేలోంచి వచ్చారు. మోకాళ్ల దాకా బురద. ఏం చూస్తున్నావమ్మా అంటే చెప్పాను. వెనకాల జుట్టు తీసి ముందు పెడతారు నాన్నా, తీసినచోట మళ్లీ రాదు, ఫోటో చూసి నాలుగున్నర వేలు పెడతామంటున్నారు అని. ఆయన గ్లాసు కింద పెట్టి, "ఆకుమడి చూడకుండా ఎన్నెకరాలు ఊడ్చొచ్చో ఎలా చెప్పేశాడమ్మా వాడు?" అన్నారు. ఇంక నేను విడమరచి చెప్పాల్సిన పనే లేకపోయింది.

ఈ చికిత్సకి అసలు ఆధారమే ఆ వెనకాల జుట్టు. మగవాళ్ల బట్టతలకి కారణమైన డీహెచ్‌టీ అనే హార్మోను ముందు, నడినెత్తి కుదుళ్లని చిన్నవి చేసుకుంటూ పోతుంది. వెనక, పక్కల ఉన్నవి దానికి లొంగవు. తీసి ఎక్కడ పెట్టినా తమ గుణం తమతోనే ఉంచుకుంటాయని న్యూయార్క్ డాక్టరు నార్మన్ ఒరెన్‌ట్రైక్ 1959లో రాశాడు. కానీ ఆ జుట్టు ఎవరికైనా కొంతే ఉంటుంది. ఒక్కసారే ఎక్కువ తోడేస్తే వెనక భాగం చెదలు తిన్నట్టు మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. పైగా మా వాడికి ఇంకా ముప్పై నిండలేదు. ఊడటం ఆగలేదు. బట్టతల ఎంత ముదిరిందో కొలిచే నార్‌వుడ్ స్కేలులో ఏడు దశలుంటాయి, వీడిప్పుడు మూడో దశలో ఉన్నాడు. మా పెదనాన్నా, మేనమామా ఇద్దరూ నలభై దాటేసరికి ఆరో దశకి చేరినవాళ్లే. ఇప్పుడు ముందు వరస నిండుగా, కిందికి దించి పెట్టించేసుకుంటే, పదేళ్లకి దాని వెనక అంతా ఖాళీ అయి, ముందొక గట్టు మాత్రం మిగులుతుంది. అప్పుడు నింపడానికి వెనకాల జుట్టు ఉండాలి కదా. 4,500 ఇప్పుడే వాడేస్తే ఆ రోజుకి ఏం మిగులుతుంది?

ఇది ఏ కోఆర్డినేటరూ అడగలేదు. ఇంట్లో ఎవరికి బట్టతల ఉంది, ఎప్పట్నుంచి ఊడుతోంది, ఏవైనా మందులు వాడుతున్నావా అని ఒక్క మాట లేదు. నాకు బాగా కోపం వచ్చింది అక్కడే.

అమ్మ మధ్యలో వచ్చి, ఆ ఊళ్లు పట్టుకు తిరిగే బదులు వాడపల్లిలో గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుంది కదా అంది. మొక్కు ఉంటే తీర్చుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. కానీ కత్తి చర్మం పైదాకానే వెళ్తుంది, కుదురు దాని కింద ఉంటుంది, గుండుతో ఊడటం ఆగదమ్మా అని నెమ్మదిగానే చెప్పాను. అమ్మ ఒప్పుకోలేదు. వాదించలేదు నేను.

మధ్యాహ్నం కూలీల భోజనాలయ్యాక తమ్ముడు ఫోన్ చేశాడు. అక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదని రూలు. అందుకని ఆ టైముకి గదిలో ఉంటాడు. మందుల సంగతి ఎత్తాను. మినాక్సిడిల్ రాసుకునేది, ఫినాస్టెరైడ్ మింగేది. రెండోదానికి 1 మిల్లీగ్రాము మోతాదులో అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది. ఉన్న జుట్టు నిలవడానికి ఇవి కావాలి. ముందు కొన్ని నెలలు ఇవి వాడి, ఊడటం నెమ్మదించిందా లేదా చూసుకున్నాకే సర్జరీ అనడం మంచి డాక్టరు లక్షణం. ఫినాస్టెరైడ్‌తో కొద్దిమందికి కోరిక తగ్గడం, మనసు దిగులుగా ఉండటం లాంటివి వస్తాయి. పెళ్లి కావాల్సిన తమ్ముడికి అక్క చెప్పే మాటలా ఇవి అనిపించింది, అయినా చెప్పాను. దాచిపెడితే నర్సు చదువు ఎందుకు? వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "డాక్టరుతో నేనే మాట్లాడతాలే అక్కా" అన్నాడు. అది చాలు.

మత్తు గురించి కూడా గట్టిగా చెప్పాను. మనిషి మెలకువగానే ఉంటాడు కాబట్టి జనం దాన్ని లెక్కలోకి తీసుకోరు. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్ అనే మత్తుమందు కిలో బరువుకి 7 మిల్లీగ్రాములు దాటకూడదు. మా వాడు 70 కిలోలు, అంటే 490 మిల్లీగ్రాములు. 2 శాతం మందైతే దాదాపు 24 మిల్లీలీటర్లు. ఆరేడు గంటల పనిలో మధ్యమధ్య మళ్లీ ఇంజెక్షన్లు ఇస్తూ పోతారు, ఎంత ఇచ్చారో రాసుకునే మనిషి ఉండాలి. మోతాదు మించితే నోటి చుట్టూ తిమ్మిరితో మొదలై ఫిట్స్ దాకా వెళ్తుంది. బీపీ, ఆక్సిజన్ చూసే మానిటరు, ఎమర్జెన్సీ మందులు, వాటిని వాడటం తెలిసిన డాక్టరు ఆ గదిలోనే ఉండాలి. ముందు రక్తపరీక్షలు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి చెయ్యాలి. నక్షత్రాల హోటల్ కంటే ఇవి ముఖ్యం కాదా?

మూడో క్లినిక్ వేరు. జవాబుకి కొన్ని రోజులు పట్టింది, కానీ డాక్టరే రాశారు. తన పేరు, రిజిస్ట్రేషను అడగకముందే ఇచ్చారు. గాట్లు, కుదుళ్లు తియ్యడం తానే చేస్తానని, రోజుకి ఒక్కరినే తీసుకుంటానని రాశారు. విదేశాల నుంచి వచ్చేవాళ్లకి చికిత్స చెయ్యడానికి టర్కీ ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఇచ్చే అధికార పత్రం ఉందా అంటే కాపీ పంపారు. ఇంట్లో ఎవరెవరికి బట్టతల ఉందో అడిగారు. ఫోటోలు చూసి, ముందు భాగానికి 2,000 చుట్టుపక్కల చాలు, నడినెత్తి ఇప్పుడు ముట్టుకోను, అసలు సంఖ్య తల దగ్గరగా చూశాకే చెబుతాను, ముందు ఆరు నెలలు మందులు వాడి రండి అన్నారు. డబ్బు మాత్రం మిగతావాళ్ల కంటే ఎక్కువే. తమ్ముడు ఉసూరుమన్నాడు. తక్కువ జుట్టుకి ఎక్కువ డబ్బా, అదీ ఇంకో ఆరు నెలలకా అని.

అయినా నేను ఆయన వైపే మొగ్గాను. వద్దు అనగలిగిన సర్జన్ మీద నాకు నమ్మకం కుదురుతుంది. పద్ధతిగా మాట్లాడినంత మాత్రాన పని మంచిదని కాదు కాబట్టి ఇంకా కొన్ని అడగమన్నాను. వీడి వయసు, వీడిలాంటి నల్లటి మందమైన జుట్టు ఉన్నవాళ్ల ఫోటోలు, ఆపరేషన్ అయిన 12 నెలల తర్వాతవి, ఒకే వెలుతురులో తీసినవి. తల వెనకవి కూడా. పెట్టిన వెంట్రుకలు మూడు నాలుగు వారాల్లో రాలిపోయి మూడో నెల దాటాక మళ్లీ మొలవడం మొదలవుతుంది, పూర్తి ఫలితం తెలిసేసరికి ఏడాది పడుతుంది. కాబట్టి నాలుగో నెల ఫోటోలతో ఏమీ తేలదు. ఇంకోటి, తీసిన గ్రాఫ్టులెన్ని, వాటిలో ఒంటి వెంట్రుకవి ఎన్ని, రెండూ మూడూ ఉన్నవి ఎన్ని, ఏ మందు ఎంత ఇచ్చారు అని కాగితం మీద రాసి ఇస్తారా అని. రేపు కువైట్‌లోనో ఇక్కడో చీము పడితే, చూసే డాక్టరుకి ఆ కాగితమే దారి చూపాలి.

ఇక్కడే చేయించుకోరాదా అని నేనూ అడిగాను. మన దగ్గర కూడా మంచి సర్జన్లున్నారు, శిక్షణ ఉన్న రిజిస్టర్డ్ డాక్టర్లే చెయ్యాలని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో స్పష్టంగా చెప్పింది. హైదరాబాద్‌లో ఒకరిని చూడటానికి వాడు ఒప్పుకున్నాడు, వద్దనలేదు. కానీ వాడి మనసులో భయం వేరు. ఇక్కడ చేయించుకుంటే తలకి కట్టుతో ఊళ్లో కనపడాలి, సంబంధాల వాళ్లకి తెలుస్తుంది అని. తెలిస్తే తెలియనీ, చేసుకోబోయే అమ్మాయికి మాత్రం దాచకు, నువ్వే చెప్పు అన్నాను. దానికి జవాబు రాలేదు.

సెప్టెంబరు ఆలోచన మాత్రం మానుకున్నాడు. దానికి కారణం నా మాటల కంటే హెల్మెట్టే. పని మీద హెల్మెట్ తప్పనిసరి. కొత్తగా పెట్టిన గ్రాఫ్టుల మీద మొదటి వారాల్లో అది ఒరుసుకోకూడదు, ఎండ తగలకూడదు, చెమట పట్టకూడదు. సెప్టెంబరులో కువైట్ ఎండ గురించి వాడికి నేను చెప్పక్కర్లేదు. సెలవు ఫిబ్రవరికి మార్చమని సూపర్‌వైజరుని అడుగుతానన్నాడు. అప్పటికి మందులకీ ఆరు నెలలు నిండుతాయి.

డిస్కౌంటు క్లినిక్ వాళ్లకి ఇప్పుడు రావట్లేదని ఫోన్ పెట్టకముందే మెసేజ్ పెట్టించాను. రెండు నిమిషాల్లో ఇంకా తగ్గించిన రేటుతో జవాబొచ్చింది. వాడు దాన్ని నాకు పంపి, కింద "వద్దులే అక్కా" అని రాశాడు.

మంగళవారం సాయంత్రం డాక్టరు గారితో వీడియో కాల్. నేనూ ఉంటాను. ఆ పూట నూనె రాసుకోకుండా, జుట్టు ఆరబెట్టుకుని, టోపీ లేకుండా కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోమన్నాను.