పంది మందా, ఫ్యాక్టరీ మందా?

ఎన్‌ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) బయట, నెలలు నిండని పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోసే సర్ఫాక్టెంట్ అనే మందు గురించి చెబుతుంటే ఎవరో ఒక పెద్దావిడ తప్పకుండా అడుగుతుంది, "దేంతో చేస్తారమ్మా అది?" అని. ఆవు ఊపిరితిత్తుల నుంచో పంది ఊపిరితిత్తుల నుంచో తీస్తారు పెద్దమ్మా అనగానే మొహాలు మారిపోతాయి. ఒకళ్ళకి ఆవు అంటే ఇబ్బంది, ఇంకొకళ్ళకి పంది. "ఫ్యాక్టరీలో చేసింది లేదా?"

లేకేం, చేశారు. నెలలు నిండని పిల్లల ఊపిరితిత్తుల్లో గాలి గదులు ఊపిరి వదిలినప్పుడల్లా ముడుచుకుపోతాయి, వాటిని తెరిచి ఉంచే పల్చటి పొర ఇంకా సరిపడా తయారై ఉండదు. సర్ఫాక్టెంట్ అంటే ఆ పొరే. అందులో ఎక్కువ భాగం కొవ్వే, దాన్ని ల్యాబ్‌లో చేయొచ్చు. 1990లో అమెరికాలో అనుమతి వచ్చిన ఎక్సోసర్ఫ్ అదే బాపతు. అదీ చాలామంది పిల్లల్ని బతికించింది. కాకపోతే ఆ కొవ్వును చకచకా పరిచే ఎస్‌పీ-బి, ఎస్‌పీ-సి అనే ప్రొటీన్లు అందులో లేవు. ఆవు నుంచి తీసే సర్వాంటాలో, పంది నుంచి తీసే క్యూరోసర్ఫ్‌లో ఉన్నాయి. రెండు రకాలనీ పోల్చి చూస్తే జంతువుల మందు పడిన పిల్లలకి బయటి నుంచి ఇచ్చే ఆక్సిజన్‌ని త్వరగా తగ్గించగలిగారు, ఊపిరితిత్తికి చిల్లుపడి ఛాతీలోకి గాలి చేరడమూ తక్కువే. బ్రిటన్‌లో పుమాక్టెంట్ అనే సింథటిక్‌ని క్యూరోసర్ఫ్‌తో పోల్చిన ట్రయల్‌ని అయితే మరణాల తేడా చూసి మధ్యలోనే ఆపేశారు, 2000లో ఫలితాలు అచ్చయ్యాయి.

దీన్ని పట్టుకుని నేచురల్ అంటే మంచిది, కెమికల్ అంటే చెడ్డది అని వాట్సాప్‌లో తిప్పకండి దయచేసి. తేడా అంతా ఆ రెండు ప్రొటీన్ల దగ్గరే ఉంది, పైగా నేచురల్ అంటున్నవాటిలో కూడా శుద్ధి చేసేటప్పుడు ఎస్‌పీ-ఎ, ఎస్‌పీ-డి అనే మరో రెండు ప్రొటీన్లు పోతాయి.

ఎస్‌పీ-బిని అనుకరించే పెప్టైడ్‌తో (చిన్న ప్రొటీన్ ముక్కతో) సర్ఫాక్సిన్ అనే ఫ్యాక్టరీ మందు కూడా వచ్చింది, 2012లో అమెరికాలో అనుమతి, 2015కల్లా అమ్మకం బంద్. ఫ్రిజ్‌లో అది జెల్‌లా గడ్డకట్టి ఉంటుంది, 44 డిగ్రీల హీటర్‌లో పావుగంట పెట్టి గట్టిగా కుదపాలి. అర్ధరాత్రి పిల్ల ఎగశ్వాస పడుతుంటే ఆ పావుగంట ఎంత పొడుగో నర్సుని అడగండి! సర్వాంటా సీసాని అరచేతిలో పట్టుకుని ఎనిమిది నిమిషాలు వెచ్చబెడితే చాలు, కుదపకూడదు, అడుగున పేరుకుంటే మెల్లగా తిప్పాలి. కిలో బరువున్న బిడ్డకి సర్వాంటా 4 మి.లీ. కావాలి, క్యూరోసర్ఫ్ రెండున్నరతో సరిపోతుంది. అంత చిన్న ఊపిరితిత్తుల్లోకి పోసేటప్పుడు ఆ తేడా తక్కువేం కాదు, గొట్టంలోకి పాలలాంటి మందు ఎగదన్నడం చూసినవాళ్ళకి తెలుస్తుంది.

ఇప్పుడు రెండు ప్రొటీన్లకూ నకళ్ళు కలిపిన సీహెచ్‌ఎఫ్‌5633 అనే సింథటిక్ మీద ట్రయల్స్ జరిగాయి, క్యూరోసర్ఫ్‌కి దగ్గరగానే పనిచేసింది. అది మన వార్డులదాకా వచ్చి ధర కూడా దిగితే పెద్దమ్మకి వేరే జవాబు చెబుతాను. ఈలోపు నెలలు నిండకుండా నొప్పులు మొదలైతే మాత్రం మందు దేంతో చేశారని కాకుండా, బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధమయ్యేందుకు తల్లికిచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడిందా అని ముందు అడగండి.